ఫైబ్రోమయాల్జియాతో అమెరికా ఉద్యోగం: వెసులుబాటా, కంపెనీ బీమానా, ఎస్‌ఎస్‌డీఐనా? ఏది మేలు?

ఒళ్లంతా నొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట, మీటింగులో చెబుతున్న మాటే మధ్యలో మరిచిపోవడం. ఎక్స్‌రే, ఎమ్మారై, రక్తపరీక్షలు మాత్రం అన్నీ నార్మల్. ఫైబ్రోమయాల్జియాలో నొప్పి ఒక ఎత్తు, అది ఉందని నమ్మించడం ఇంకో ఎత్తు. "గుండ్రాయిలా ఉన్నావు, నీకేం రోగం?" అని ఇంట్లోవాళ్లే అంటుంటే ఇక బీమా కంపెనీ ఊరుకుంటుందా?

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లకు ఈ జబ్బు ముదిరితే దారులు మూడు. ఉద్యోగంలో ఉంటూనే వెసులుబాటు అడగడం, కంపెనీ ద్వారా ఉన్న లాంగ్ టర్మ్ డిజెబిలిటీ బీమాకు, అంటే ఎల్‌టీడీకి, క్లెయిమ్ వేయడం, ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీ శాఖ ఇచ్చే వైకల్య భృతికి, అంటే ఎస్‌ఎస్‌డీఐకి, దరఖాస్తు పెట్టడం. మూడూ ఒకదానికొకటి ముడిపడినవి. వరస తప్పితే మిగతావీ చేజారతాయి.

ముందు వెసులుబాటు సంగతి. వైకల్యం ఉన్నవారి హక్కులను కాపాడే 1990 నాటి ఏడీఏ చట్టాన్ని 2008లో సవరించారు. వచ్చిపోయే జబ్బయినా, విజృంభించినప్పుడు మనిషిని బాగా కుంగదీసేదైతే అది వైకల్యం కిందికే వస్తుందని ఆ సవరణ చెబుతుంది. ఫైబ్రోమయాల్జియాకు అతికినట్టు సరిపోయే మాట ఇది. 15 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. ఇంటి నుంచి పని, ఉదయం కాస్త ఆలస్యంగా మొదలుపెట్టడం, నిలబడి పనిచేసే డెస్కు, చెప్పిన పనులు ఈమెయిల్లో రాసివ్వడం లాంటివి అడగొచ్చు. కుటుంబ, వైద్య సెలవుల చట్టం ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ కింద ఏడాదికి 12 వారాల సెలవు ఉంది. జీతం ఉండదు గానీ ఉద్యోగానికి రక్షణ ఉంటుంది. ఆ 12 వారాలూ ఒక్కసారే వాడనక్కర్లేదు. నొప్పి లేవనివ్వని రోజున రోజో, పూటో వాడుకోవచ్చు. అందుకు ఆ కంపెనీలో ఏడాది పనిచేసి, గడిచిన 12 నెలల్లో 1,250 గంటలు నిండి ఉండాలి. 75 మైళ్ల లోపు 50 మంది ఉద్యోగులూ ఉండాలి.

హెచ్1బి మీద ఉన్నవాళ్లకు నా దృష్టిలో ఇదొక్కటే అసలైన దారి. ఉద్యోగం పోయాక దొరికే గడువు 60 రోజులే కదా. అయితే కాఫీ తాగుతూ మేనేజరుతో నోటిమాటగా చెప్పినా చట్టం దృష్టిలో అడిగినట్టే కావచ్చు గానీ, రుజువు మిగలదు. హెచ్చార్‌కు రాసి అడగండి, నకలు దగ్గర పెట్టుకోండి.

ఎల్‌టీడీ పైకి చాలా బాగుంటుంది. 90 లేదా 180 రోజులు ఆగాక జీతంలో సుమారు 60 శాతం ఇచ్చే పాలసీలే ఎక్కువ. మెలిక లోపల ఉంటుంది. చాలా పాలసీల్లో మొదటి 24 నెలలు "మీ ఉద్యోగం మీరు చేయలేకపోతే చాలు" అంటారు, తర్వాత "ఏ ఉద్యోగమూ చేయలేకపోతేనే" అంటారు. మన జబ్బుకు ఇంకో గండం కూడా ఉంది. రోగి చెబితే తప్ప పరీక్షలో తేలని లక్షణాలకు 24 నెలలే చెల్లిస్తామని కొన్ని పాలసీలు రాసుకుంటాయి. ఆ వాక్యం ఉందో లేదో చూడకుండా ఎల్‌టీడీని నమ్ముకుని ఇల్లు కొనకండి.

తిరస్కరిస్తే కంపెనీ పాలసీలకు వర్తించే ఎరిసా చట్టం కింద అప్పీలుకు 180 రోజులుంటాయి. తర్వాత కోర్టుకెళ్లినా జడ్జి సాధారణంగా ఆ ఫైల్లో ఉన్న కాగితాలే చూస్తారు. కొత్త డాక్టరు లేఖను అప్పుడు జతచేయడం కష్టం. అప్పీలే అసలు పోరాటమన్నమాట. బీమా కంపెనీ నిఘా కూడా ఉంటుంది. ఇండియాలో పెళ్లికెళ్లి సంగీత్‌లో నాలుగు అడుగులు వేసిన వీడియో చూస్తారు. ఆ తర్వాత వారం మంచం దిగలేదని వాళ్లకెవరు చెబుతారు?

ఎస్‌ఎస్‌డీఐ వచ్చిందనుకోండి, సాధారణంగా ఆ మేరకు ఎల్‌టీడీ తగ్గుతుంది. నెలకు 6,000 డాలర్లు ఇస్తున్న బీమా కంపెనీ, ప్రభుత్వం 3,000 ఇస్తే మిగతా 3,000తో సరిపెడుతుంది. వెనకటి నెలల బకాయి ఒక్కసారే చేతికొస్తే అందులో తమ వాటా తిరిగి కట్టమంటుంది. ఆ డబ్బు ఖర్చుపెట్టేసి ఇబ్బంది పడేవాళ్లుంటారు.

అయినా దీర్ఘకాలానికి ఎస్‌ఎస్‌డీఐదే పైచేయి. రెండేళ్లకు మాట మార్చే షరతు లేదు, 24 నెలల అర్హత తర్వాత ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వస్తుంది. ఓపిక మాత్రం చాలా కావాలి. జబ్బు ఏడాదైనా ఉండేదై ఉండాలి, మొదటి ఐదు నెలలకు డబ్బు రాదు, నెల సంపాదన పరిమితి (2025లో అది 1,620 డాలర్లు) దాటకూడదు. 31 దాటినవారు సాధారణంగా గత పదేళ్లలో ఐదేళ్లు ఇక్కడ సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉండాలి. ఇండియాలో పీఎఫ్ కట్టిన ఏళ్లు కలవవు, రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు. హెచ్1బి వారూ ఈ పన్ను కడతారు గానీ, చెల్లింపు అందాలంటే చట్టబద్ధంగా ఇక్కడ ఉండాలి. ఉద్యోగంతోపాటే హోదా పోయేవారికి అది కాగితం మీది హక్కే.

ఫైబ్రోమయాల్జియాను ఎలా తూచాలో సోషల్ సెక్యూరిటీ 2012లో ఎస్‌ఎస్‌ఆర్ 12-2పి అనే ఉత్తర్వులో రాసింది. ఎండీ లేదా డీఓ పట్టా ఉన్న డాక్టరు నిర్ధారణ ఉండాలి. మూడు నెలలకు తగ్గని ఒళ్లంతా నొప్పితోపాటు 18 చోట్ల నొక్కి చూస్తే 11 చోట్లయినా నొప్పి ఉండాలి, లేదా అలసట, మతిమరుపు, నిద్రపోయి లేచినా తీరని బడలిక వంటి ఆరు లక్షణాలైనా మళ్లీ మళ్లీ కనబడాలి. వేరే జబ్బు కాదని తేల్చి ఉండాలి. బాగున్న రోజులూ బాగోని రోజులూ ఉంటాయని ఆ ఉత్తర్వే ఒప్పుకుంటుంది.

ఐటీ వాళ్లు బోల్తాపడేది ఇక్కడే. "బరువులెత్తలేను, ఎక్కువ దూరం నడవలేను" అని రాస్తారు. కుర్చీలో కూర్చుని చేసే పనికి అవెందుకు అని అవతలివాళ్లు కొట్టిపారేస్తారు. ఎస్‌ఎస్‌డీఐ తిరస్కరిస్తే జరిగే విచారణలో ఉద్యోగాల నిపుణుణ్ని జడ్జి అడిగేది వేరు: నెలకు ఇన్ని రోజులు రాలేని, పనివేళల్లో ఇంత సేపు మనసు నిలవని మనిషికి ఏ ఉద్యోగమైనా ఉంటుందా? జవాబు మీకు అనుకూలంగా రావాలంటే ఆ రోజుల లెక్క, గంటల లెక్క డాక్టరు నోట్సులో ముందే ఉండాలి. మనకేమో డాక్టరు "ఎలా ఉన్నారు?" అనగానే "ఫైన్" అనడం అలవాటు. ఆ ఒక్క మాట ఫైలుకెక్కి కూర్చుంటుంది. సెలవుల్లో ఇండియా వెళ్లి చేయించుకున్న ఆయుర్వేద చికిత్స కాగితాలు ఇక్కడి డాక్టరుకు ఇవ్వకపోతే, ఆ నెలలన్నీ వైద్యమే మానేసినట్టు కనబడతాయి.

ఇంటిపట్టున ఉన్న ఇల్లాలికి ఈ వ్యాధి వస్తే? సొంత సంపాదన రికార్డు లేదు కాబట్టి ఎస్‌ఎస్‌డీఐ లేదు. పేదలకిచ్చే ఎస్‌ఎస్‌ఐలో భర్త జీతాన్నీ లెక్కేస్తారు, దంపతుల ఆస్తి పరిమితి 3,000 డాలర్లు. సాఫ్ట్‌వేర్ ఇళ్లకు అది అందదు.

ఇంతకీ నా ఓటు? గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండి ఇంకా ఎలాగో పని నెట్టుకొస్తున్నవారు వెసులుబాటుతో మొదలుపెట్టాలి. ఆ కాగితాలే తర్వాత సాక్ష్యమవుతాయి. అదీ చాలకపోతే ఎల్‌టీడీ, పని ఆగి ఏడాది పట్టేలా ఉంటే వెంటనే ఎస్‌ఎస్‌డీఐ కూడా. విసుగొచ్చి రాజీనామా మాత్రం చేయకండి. పనిలో ఉండగా జబ్బుతో ఆగిపోయినట్టు లేకపోతే ఎల్‌టీడీ దాదాపు పోయినట్టే. ఎస్‌ఎస్‌డీఐ అర్హత కూడా పని మానేసిన సుమారు ఐదేళ్లకు ఆరిపోతుంది.

"సౌకర్యమిస్తే చేయగలను" అని కంపెనీకి, "అసలు చేయలేను" అని ప్రభుత్వానికి రాయడం పొంతన లేదనిపిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి వాటంతటవే కొట్టేయవని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ తేడా ఎందుకొచ్చిందో మీరు వివరించగలగాలి. వెసులుబాటు ఏ తేదీ వరకు పనికొచ్చింది, ఏ తేదీ నుంచి చాలకుండా పోయిందో రాసి ఉంచుకోండి. ఈలోగా ఎల్‌టీడీ పూర్తి పాలసీ నకలు కావాలని హెచ్చార్‌కు ఉత్తరం పెట్టండి. రాసి అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలని ఎరిసా చెబుతోంది.