వైజాగ్ కార్ ఓనర్లకి హెచ్చరిక: బంపర్‌కి సరిపోవట్లేదని నంబర్ ప్లేట్ కోసేస్తున్నారు

హైవే పక్కనున్న కార్ డెకార్ షాపుల్లో ఒకటి. పేరు రాయను, వైజాగ్‌లో కారున్న చాలామందికి తెలిసిన షాపే. జరిగింది మాత్రం చెప్పి తీరాలి. వాళ్ల దగ్గరికి ఇదే పని మీద ఇంకా కార్లు వెళ్తూనే ఉన్నాయి.

పని చాలా చిన్నది. ముందు బంపర్ వంపు ఎక్కువ కావడంతో 500 × 120 మి.మీ. హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్) మధ్యలో మాత్రమే ఆనింది. రెండు చివర్లూ ఏనుగు చెవుల్లా గాల్లో నిలబడ్డాయి. చివర్ల వెనక సపోర్టు పెట్టి బిగించమని అడిగితే "టీ తాగి రండి సార్, అయిపోద్ది" అన్నాడు షాపువాడు. వచ్చేసరికి ప్లేటు పొట్టిదైపోయింది! రేకు కత్తెరతో ఎడమ అంచు నిలువునా కోసేశాడు. పైన అశోక చక్రం ఉన్న క్రోమియం హోలోగ్రామ్, నీలం రంగు ఐఎన్‌డీ అక్షరాలు, కింద లేజర్‌తో చెక్కిన నంబరు ఉండేవి ఆ అంచులోనే. కుడివైపు చివరి అంకె పక్కన కూడా కత్తెర నడిపాడు. కోసిన చోట అంచు రంపంలా ఉంది, చెయ్యి పెడితే తెగుద్ది. ఆ ముక్క ఏదని అడిగితే "స్క్రాప్‌లో పడేశాం సార్, ఏటీ అవదు, అందరూ ఇలాగే చేయించుకుంటున్నారు" అన్నాడు. గట్టిగా నిలదీస్తే "పొట్టి ప్లేటే కదా మీక్కావాల్సింది" అని ఎదురు మాట్లాడాడు. పైగా లేబర్ చార్జీ కూడా అడిగాడు. ఇంకొకరి సొత్తు అడక్కుండా కోసి, దానికి డబ్బులడగడం ఏ వ్యాపారమో చెప్పండి.

ఆ ముక్క ఉత్త రేకు కాదు. హెచ్‌ఎస్‌ఆర్‌పీ 1 మి.మీ. మందం అల్యూమినియం. దాని మీద లేజర్ నంబరు మీ బండి రిజిస్ట్రేషన్‌తో ముడిపడి ఉంటుంది. 2019 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన కొత్త బండ్లన్నిటికీ ఇది తప్పనిసరి. ఆ అంచు పోయిందంటే ప్లేటు చెల్లనట్టే. బయట కొట్టించిన ఫ్యాన్సీ ప్లేటు దానికి బదులు కాదు. మళ్లీ ఆర్డర్ పెట్టుకోవాల్సిందే. ప్లేటు పోయిందంటే పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు. అందుకే విరిగినా వంగినా ముక్కల్ని పారేయనివ్వొద్దు.

రూల్స్‌లో పొట్టి ప్లేటు ఉంది, 340 × 200 మి.మీ., నంబరు రెండు వరసల్లో వస్తుంది. కార్లకి చెల్లే సైజులు ఈ రెండే. పొడుగు తగ్గితే ఖాళీ ఎంత తగ్గుద్దో లెక్క చూడండి. బంపర్ వంపు వ్యాసార్థం 1200 మి.మీ. అనుకుంటే, 500 ప్లేటు చివర 26 మి.మీ. ఖాళీ వస్తుంది, 340 ప్లేటుకి 12 మాత్రమే. అయితే ఇది 80 మి.మీ. ఎత్తు ఎక్కువ. కింద గ్రిల్‌కి, ముందు కెమెరాకి, రాడార్‌కి అడ్డం రాకూడదు. ఏడాస్ (డ్రైవర్‌కి సాయపడే కెమెరా, రాడార్ సిస్టమ్) ఉన్న కార్లలో రాడార్ చాలాసార్లు కింద గ్రిల్ వెనకే ఉంటుంది. ముందు అట్టముక్కని ఆ సైజుకి కోసి బంపర్ మీద పెట్టి చూసుకోండి.

పొడుగు ప్లేటే ఉంచుకుంటే అసలు చేయాల్సింది ఇది. అర మీటరు స్టీల్ స్కేలు బంపర్ మధ్యలో ఆనించి, ఎక్కడెక్కడ ఎంత ఖాళీ ఉందో కొలవాలి. అదే వంపుకి మధ్య నుంచి 100 మి.మీ. దగ్గర 4 మి.మీ. చాలు, చివర్న 26 కావాలి. అంటే ప్లేటు వెనక ఖాళీ నింపే బుష్‌లన్నీ ఒకే ఎత్తు పెడితే ప్లేటు వంగుద్ది. బోల్టులు మధ్యకి దగ్గరగా, చివర్ల కింద గట్టి రబ్బరు దిమ్మలు, వెనక ఒక బేస్ ఫ్రేమ్. బోల్టు బిగువుతో ప్లేటుని లాగి బంపర్‌కి అతికించే ప్రయత్నం చేస్తే, ముందు అక్షరాల అంచు దగ్గర ముడత పడుద్ది, తర్వాత అక్షరాల మీది నల్ల ఫాయిల్ పగులుద్ది, అందులోంచి నీరు దిగుద్ది.

స్క్రూల సంగతి ఇంకా ఘోరం. బంపర్ పల్చటి ప్లాస్టిక్. సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ బిగిస్తే కొన్నాళ్లకి వైబ్రేషన్‌కి కన్నం పెద్దదై ప్లేటు ఊగుద్ది. పాప్ రివెట్ అయితే ప్లాస్టిక్‌ని చీల్చుకుని బయటికొస్తుంది. ఎం6 స్టెయిన్‌లెస్ బోల్టు, వెనక వెడల్పు వాషర్, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవనిది) వేయించండి. వెనక చెయ్యి దూరని చోట రబ్బరు వెల్‌నట్, బోల్టు బిగిస్తే అది వెనక ఉబ్బి పట్టుకుంటుంది. ప్లేటుకీ బోల్టుకీ మధ్య నైలాన్ వాషర్ మర్చిపోవద్దు. మన ఊరి ఉప్పుగాలికి ఇనుప స్క్రూ అల్యూమినియంని ఆనుకుని ఉంటే రెండూ తినేసుకుపోతాయి, తెల్ల బంపర్ మీద తుప్పు చారలు కారతాయి. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఇది కొత్త కాదు. డబుల్ టేపు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ప్రైమర్ రాయకుండా ఆ ప్లాస్టిక్‌ని అది సరిగ్గా పట్టదు, వంపు మీద చివర్లు ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి.

డ్రిల్ చేసేముందు బంపర్ వెనక్కి టార్చ్ వేసి చూడాలి. హారన్ వైరు, ఫాగ్ లైటు వైరింగ్, పార్కింగ్ సెన్సార్లు ఎక్కడున్నాయో చూడకుండా బిట్ ఆనిస్తే ఇంకో ఖర్చు. బిట్‌కి మాస్కింగ్ టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుని, స్పీడు తగ్గించి కన్నం వేయాలి.

కారు ఇచ్చేముందు హోలోగ్రామ్, లేజర్ నంబరు కనబడేలా ప్లేటు ఫొటో తీసుకోండి. పని అయ్యేదాకా పక్కనే నిలబడండి. "ప్లేటు కోయకూడదు, వంచకూడదు" అని బిల్లు మీద రాయించండి, రాయనంటే అక్కడ చేయించొద్దు. ఇప్పటికే ఇలా నష్టపోయినవాళ్లు ఉంటే బిల్లు, ఫొటోలు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.