కరెంటు పోతే అన్నీ మరిచిపోయే రీఫ్ లైటు

పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం మీద వేలాడే లైటు ఇది. కొన్న కొత్తలో నేను దీనికి ఐదు చుక్కలు ఇచ్చాను. నిజం చెప్పాలంటే ఆ ఐదూ ఒక్క సదుపాయానికే. కొత్త పగడం ట్యాంకులోకి రాగానే యాప్‌లో అలవాటు మోడ్ నొక్కితే చాలు, వెలుగును సగానికి దించేసి, అక్కడి నుంచి నెల రోజుల పాటు కాస్త కాస్త పెంచుకుంటూ మామూలు స్థాయికి తీసుకొస్తుంది. ఆ సదుపాయం మీద నాకు ఇప్పటికీ ప్రేమ తగ్గలేదు. కాకపోతే ఆ ప్రేమ కరెంటు ఉన్నంతసేపే.

వాట్లు, ఛానళ్లు, లెన్సు కోణాలు డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా రాయను. ఇదే లైటు నెల్లూరులో నా దగ్గర ఒకటి, న్యూజెర్సీలో మా తమ్ముడి దగ్గర ఒకటి ఉన్నాయి. వాడి ట్యాంకులో రాతి పగడాలున్నాయి, అంటే ఒంటి కింద రాయిలాంటి గూడు కట్టుకునేవి. నా దగ్గర లేవు, ఉండకూడదు కూడా. 2001 నుంచి మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్నది కూడా ఆ షెడ్యూల్‌లోనే. అందుకని నావి ఆ గూడు లేని మెత్త రకాలు: జోవాంతిడ్లు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్. రాతి రకమైన హామర్ కోరల్ చూపించి ‘ఏం కాదు సార్, తీసుకోండి’ అనే షాపులవాళ్లు ఉంటారు. ఆ మాట విని తెచ్చుకుంటే తర్వాతి టెన్షన్ మీదే, వాళ్లది కాదు.

వెలుగు విషయంలో మాత్రం వాడి పగడాలకీ నా వాటికీ పెద్ద తేడా లేదు. వాటి కండలో కంటికి కనపడని నాచు కణాలు కాపురం ఉంటాయి. అవి వెలుగుతో వండిపెట్టేదే పగడానికి చాలావరకు తిండి. వెలుగు ఒక్కసారిగా ఎక్కువైతే ఆ కణాల్లో హాని చేసే రకం ఆక్సిజన్ పుడుతుంది, పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. తెల్లబడేది అందుకే. మా తమ్ముడు తన రాతి పగడాల్లో ట్రంపెట్‌నీ డంకన్‌నీ ఇసుక దగ్గర, హామర్‌ని రాయికి మధ్యలో, మాంటిపోరాను రాయి నెత్తిన పెట్టాడు. హామర్ చుట్టూ జానెడు జాగా వదిలాడు. రాత్రిళ్లు అది కుట్టే మీసాలు చాచి పక్కవాటిని కాలుస్తుంది. అక్కడ పార్ మీటరు (ఆ నాచు కణాలు వాడుకునే వెలుగును కొలిచేది) అద్దెకు దొరికితే తెచ్చి కొలిచాడు. హామర్ దగ్గర 100 చిల్లర, మాంటిపోరా దగ్గర 200 పైన వచ్చింది. మొదలుపెట్టేవాళ్లకి అందరూ చెప్పే లెక్క కూడా అదే. హామర్, ట్రంపెట్ లాంటి వాటికి 50 నుంచి 150, మాంటిపోరాకి 200 దాటినా ఫర్వాలేదు.

నాకిక్కడ పార్ మీటరు ఎవరిస్తారు? ఫోన్‌లో లక్స్ యాప్ పెడితే అది నీలం వెలుగును చాలా తక్కువగా చూపిస్తుంది. మన కంటి చూపును బట్టి తయారైన కొలత మరి. రీఫ్ లైటులో ఉండేదేమో ఎక్కువగా నీలమే. కాబట్టి నాకు మీటరు మష్రూమ్ అంచే. వెలుగు చాలకపోతే వెడల్పుగా పరుచుకుంటుంది. ఎక్కువైతే అంచులు లోపలికి ముడుచుకుని, రాత్రికి రాత్రి చొక్కా గుండీ అంత అయిపోతుంది. జోవాంతిడ్లు చాలకపోతే కాడలు సాగదీస్తాయి. అలవాటు మోడ్‌లో పెట్టిన కొత్తవాటిలో ఈ లక్షణాలేవీ కనపడలేదు. ఐదు చుక్కలు ఊరికే ఇవ్వలేదు.

ఇక అసలు సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. తీరం దాటింది 5వ తేదీన బాపట్ల దగ్గరే గానీ, దాటేలోపు నెల్లూరును వానతో ముంచేసింది. మా వీధిలో కరెంటు పోయింది. ట్యాంకులో పంపులు ఇన్వర్టర్ మీద ఉన్నాయి, లైటు లేదు. రెండు మూడు రోజుల చీకటికి పగడానికి ఏమీ కాదు, నీళ్లు కదలకపోతేనే ప్రమాదం. అల్లూరు దగ్గర బాబాయి వాళ్ల రొయ్యల గుంట కట్ట తెగేటట్టుందని కబురొస్తే నేను అటు పోయాను. ఇంట్లో అమ్మ ఒక్కతే.

నేను అక్కడున్నప్పుడే ఇంటికి కరెంటు వచ్చింది. లైటుకి ప్రాణం వచ్చింది గానీ, నెట్ రౌటర్ లేచేసరికి ఇంకో నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఈ మహానుభావుడు ఒక్కసారి టైమెంతని నెట్‌ని అడిగాడు, జవాబు రాలేదు, మళ్లీ అడగలేదు. నేరుగా ఫ్యాక్టరీలో నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో ఆ స్థితికి పోయింది: తెలుపు, నీలం, ఊదా అన్నీ 100 శాతం, ఆరిపోయే వేళంటూ లేదు. అప్పటికి అలవాటు మోడ్ రెండో వారంలో ఉంది. దాని ఊసే లేదు.

నాకు ఫోన్ కలవలేదు. అమ్మ ఆర్పేద్దామని చూసిందట, స్విచ్ బోర్డు ట్యాంకు వెనకాల ఉంది, నీళ్ల పక్కన కరెంటుతో మనకెందుకని వదిలేసింది. హాలంతా వెలుగు, నిద్రపట్టక ట్యాంకు ముందర అద్దానికి దుప్పటి కట్టింది. నేను తలుపు తీయగానే ‘ఏంది అబ్బయ్యా ఇది, అర్ధరాత్రి పట్టపగలు చేసి పెట్టింది’ అంది. దుప్పటి ముందువైపే ఉంది, వెలుగు పైనుంచి పడుతోంది.

రాయి నెత్తిన ఉన్న మష్రూమ్‌లు గుండీలైపోయి, పాలిపోయాయి. ఒకటి రాయిని వదిలేసి పంపు జాలీకి అతుక్కుని ఉంది. లెదర్ కోరల్ ముడుచుకుని పైన మైనం పూసినట్టు తయారైంది. జోవాంతిడ్లు నోరు విప్పలేదు, వాటిలో కొన్ని ఇక ఎప్పటికీ విప్పలేదు. ముందు నీళ్లను అనుమానించి ఆక్వా ల్యాబ్‌కి పట్టుకుపోయాను. మా ఊళ్లో ఉన్న సుఖం అదొకటి, ఉప్పు నీళ్లను పరీక్షించే ల్యాబుకి కొదవ లేదు. ‘ఏ గుంట సార్, ఎన్ని రోజుల కల్చర్?’ అనడిగాడు కుర్రాడు. ఉప్పదనం (సెలినిటీ) 35, క్షార గుణం (ఆల్కలినిటీ) 150 పీపీఎం, అంటే పగడాలు పెంచేవాళ్లు వాడే డీకేహెచ్ కొలతలో 8.4. నీళ్లకేం రోగం లేదు.

ఆశ్చర్యం ఏమిటంటే, అదే రాయికి చూరులా పొడుచుకొచ్చిన అంచు కింద ఉన్న మష్రూమ్‌లు ఒక్క పిసరు కూడా ముడుచుకోలేదు. పైన పాలిపోయినవీ ఇవీ ఒకే తల్లి నుంచి కోసిన ముక్కలు. అవే నీళ్లు, అదే లైటు, మధ్యలో ఉన్నది బెత్తెడు రాయి నీడ. లెదర్ పొర వదిలాక కోలుకుంది, పాలిపోయిన మష్రూమ్‌లకి రంగు తిరిగి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

కస్టమర్ కేర్ వాళ్లు ముందు యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు, తర్వాత మీ వైఫై సమస్య అన్నారు. గోడ గడియారానికి కూడా సెల్లు వేస్తాం కదండీ, ఇంత రేటు పెట్టిన లైటులో టైము గుర్తుంచుకోవడానికి ఒక చిన్న బటన్ సెల్లు వెయ్యలేరా అంటే, సలహా నోట్ చేసుకున్నామన్నారు. నోట్ చేసుకునే ఉంటారు.

దారి చూపించింది బాబాయి గుంటల దగ్గర ఏరియేటర్ ప్యానెళ్లు చూసే ఎలక్ట్రీషియన్. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లాక్కోకుండా వాటికి ఆన్ డిలే టైమర్ పెడతారు. అలాంటిదే లైటుకీ తగిలించి ఆరు నిమిషాలకి తిప్పాడు. ఇప్పుడు రౌటర్ ముందు లేస్తుంది, లైటు తర్వాత లేచి టైము అడిగి బుద్ధిగా పని చేసుకుంటుంది. మామూలు కోతలకి ఇది సరిపోయింది. తుపానుకి నెట్ వైరే తెగితే ఇదీ పనిచేయదు.

అందుకని లైటును పైకి ఎత్తేశాను. ముందు నీళ్లకి జానెడు ఎత్తులో ఉండి 40 శాతం మీద నడిచేది. ఇప్పుడు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉండి 75 శాతం మీద నడుస్తోంది, పగడం మీద పడే వెలుగు ఇంచుమించు అంతే. కానీ మతి పోయి 100కి వెళ్లినా, అప్పట్లో రెండున్నర రెట్లు దూకేది ఇప్పుడు మూడో వంతే పెరుగుతుంది. అంతమాత్రానికి కంగారుపడే జీవం నా ట్యాంకులో లేదు. దీనివల్ల నష్టమూ ఉంది. వెలుగు హాల్లోకి చిందుతుంది, సీరియల్ టైములో టీవీ మీద నీలం పడుతోందని అమ్మ గొణుగుడు. ఎక్కువ శాతం మీద నడుస్తుంది కాబట్టి లైటు ఫ్యాన్ మోత పెరిగింది, రోహిణి కార్తెలో అయితే మరీను. బాబాయైతే ఇదంతా చూసి, ‘కిలోకి వంద తూగే చిన్న రొయ్యకైనా ఒక రేటుంది, దీనికేముందిరా’ అని తేల్చేశాడు.

కొత్త ముక్క ఏది వచ్చినా ఇప్పుడు ముందు చూరు కిందకే పోతుంది, అంచు చూసుకుని నెమ్మదిగా పైకి జరుపుతాను. అలవాటు మోడ్ కూడా నొక్కుతాను, దాని మీద భారం వేసి మాత్రం కాదు.

మా తమ్ముడు ఇప్పటికీ ఐదు చుక్కలే అంటాడు. వాళ్ల వీధిలో కరెంటు పోవడం వార్త, పైగా మాంటిపోరాకి ఈ మాత్రం శక్తి కావాలి. నేను మూడు ఇస్తాను. మూడున్నర ఇద్దును గానీ ఆ కస్టమర్ కేర్ మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటే కొనచ్చేమో. పల్లె ఫీడరు మీద ఉన్న ఇల్లయితే, అందులోనూ నాలాగా మష్రూమ్‌లూ జోవాంతిడ్లే పెట్టుకునేవాళ్లయితే, తిప్పుడు గుండీలున్న చవక లైటు, దానికో టైమరు చాలు అనిపిస్తోంది. కొంటానంటే మాత్రం షాపులోనే రౌటర్ ఆపించి, లైటు ప్లగ్గు పీకించండి. టీ తాగొచ్చి మళ్లీ పెట్టమనండి. అప్పుడు 100 శాతంతో వెలిగిందంటే, బేరమాడటానికి మీ చేతిలో ఒక కారణం ఉన్నట్టే.