బెంగళూరులో డీడీ ఫ్రీ డిష్: డిష్ కొనొచ్చు, టీవీ లైసెన్స్ ఫీజు మాత్రం ఇప్పుడే వద్దు

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. బెంగళూరులో స్థిరపడిన తెలుగు ఇంట్లో రెండో టీవీకి డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ వాళ్ళ ఉచిత డీటీహెచ్) నిశ్చింతగా పెట్టించుకోవచ్చు. పెద్దవాళ్ళే ఎక్కువగా టీవీ చూసే ఇల్లయితే మొదటి టీవీకి కూడా సరిపోతుంది. పెట్టిన డబ్బు వృథా కాదు. ఇక దూరదర్శన్ బతకాలంటే ఇంటింటికీ ఏడాదికింత అని లైసెన్స్ ఫీజు వేయాలన్న వాదన ఉంది కదా, ఏళ్ళ తరబడి ఈ సర్వీసు వాడిన మనిషిగా దానికి నేను ఒప్పుకోను. ప్రభుత్వ టీవీ అక్కర్లేదని కాదు. అది గట్టిగా నిలబడాలనే కోరుకుంటాను. అడిగే పద్ధతి, ఇచ్చిన డబ్బు చేరే చోటు రెండూ సరిగ్గా లేవు, అదీ నా అభ్యంతరం.

ఈ సర్వీసు 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తోంది. నెల చందా లేదు, కార్డు లేదు, రీచార్జి లేదు. 60 సెంటీమీటర్ల డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే భాగం), బాక్సు, 15 మీటర్ల ఆర్‌జీ-6 వైరు కలిపి ఎస్.పి. రోడ్డు షాపుల్లో సుమారు 1,500 నుంచి 2,000 రూపాయల్లో వస్తాయి. బిగించే మనిషికి ఇంకో 300 నుంచి 500. బాక్సు విషయంలో ఒక్కటే జాగ్రత్త. బొమ్మని కుదించి పంపే పాత పద్ధతికి మాత్రమే పనికొచ్చే ఎంపెగ్-2 బాక్సు చవగ్గా అంటగట్టాలని చూస్తారు, తీసుకోకండి. ఎంపెగ్-4 అనే కొత్త పద్ధతిలో వచ్చే ఛానళ్ళు, హెచ్‌డీతో సహా, అందులో కనపడవు. కొన్ని టీవీల్లో శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉంటుంది. వెనక ఎల్‌ఎన్‌బీ వైరు పట్టే మర సాకెట్ ఉంటే, బాక్సు కొనేముందు టీవీ సెట్టింగుల్లో డీవీబీ-ఎస్2 ఉందేమో చూసుకోండి.

బిగించడం దగ్గరే సగం మంది దెబ్బతింటారు, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. బెంగళూరు నుంచి ఈ ఉపగ్రహం ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిస్తే సుమారు 128 డిగ్రీల దిక్కులో, నేల మీంచి 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే ఆగ్నేయం, మనవాళ్ళు పొయ్యి పెట్టే మూల, కాకపోతే కచ్చితమైన మూలకంటే కాస్త తూర్పుకి. ఫోన్‌లో దిక్సూచి చాలు, కానీ ఇనుప గ్రిల్లు పక్కన పెట్టి చూడకండి, ముల్లు తప్పు చూపిస్తుంది. 66 డిగ్రీలన్నారు కదాని డిష్‌ని వెల్లకిలా పడుకోబెట్టక్కర్లేదు. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, రకాన్ని బట్టి 22 నుంచి 26 డిగ్రీల తేడా వాటి ఆకారంలోనే ఉంటుంది. పళ్ళెం నిలువు నుంచి 40–44 డిగ్రీలు వెనక్కి వాలితే సరిపోతుంది.

ఈ ఎత్తు వల్ల ఒక మేలు, ఒక తిప్పలు. మేలేమిటంటే, ఎదురు బిల్డింగు, వీధి చెట్లు చాలావరకు అడ్డు రావు. తిప్పలంతా అపార్ట్‌మెంట్ బాల్కనీలో. పై అంతస్తు బాల్కనీ స్లాబు డిష్‌కి 2 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. డిష్ చూసే దిక్కులో ఆ స్లాబు అంచు 90 సెంటీమీటర్ల లోపే ఉండాలి, ఇంకా లోపలికి జరిగితే స్లాబు సిగ్నల్‌ని మింగేస్తుంది. ఆచరణలో 70 సెంటీమీటర్లకి మించనివ్వకండి. గోడకి ఆనించి బిగించి "మీ ఏరియాలో సిగ్నల్ లేదు సార్" అని చేతులు దులుపుకునే టెక్నీషియన్లున్నారు. ఏరియాలో సిగ్నల్ లేకపోవడమనేది ఉండదు, నెత్తిన కాంక్రీటు ఉండటమే ఉంటుంది. బాల్కనీ వాయవ్యానికి తిరిగి ఉంటే ఆశ వదులుకుని టెర్రస్ మీద చోటు అడగాలి. అసోసియేషన్ వాళ్ళు పిట్టగోడకి కన్నం వేయనివ్వకపోతే, కాంక్రీటు దిమ్మెలు పెట్టి నిలబెట్టే స్టాండు వాడొచ్చు. 60 సెంటీమీటర్ల డిష్‌కి కనీసం 30 కిలోల బరువు పెట్టండి, ఆషాఢం గాలికి తట్టుకోవాలి కదా.

తర్వాతి పొరపాటు పక్క ఉపగ్రహాన్ని పట్టడం. 95 డిగ్రీల దగ్గర డిష్ టీవీ వాళ్ళ ఉపగ్రహం ఉంది, మనదానికి ఒకటిన్నర డిగ్రీల దూరంలోనే. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి సిగ్నల్ మీటరు అక్కడా లేస్తుంది. స్కాన్ చేస్తే పేర్లన్నీ వస్తాయి, కానీ అవి చందా కట్టినవాళ్ళకే తెరుచుకునేవి, దేన్ని నొక్కినా నల్ల తెర. అలాంటప్పుడు బాక్సు మార్చకండి, డిష్‌ని వేలెడంత తూర్పు నుంచి దక్షిణానికి జరపండి. ఎల్‌ఎన్‌బీ సెట్టింగులో యూనివర్సల్, 9750/10600 పెట్టి బ్లైండ్ స్కాన్ చేయాలి. స్క్రీన్ మీద 'స్ట్రెంత్', 'క్వాలిటీ' అని రెండు గీతలుంటాయి, చూడాల్సింది రెండోదాన్నే. మొదటిది వైరు తగిలించగానే లేస్తుంది, దాన్ని నమ్మొద్దు. క్వాలిటీ పైకెక్కాక ఎల్‌ఎన్‌బీని దాని క్లాంపులోనే అటూ ఇటూ కొద్దిగా తిప్పి చూడండి. కొన్ని ఛానళ్ళు వచ్చి కొన్ని రాకపోవడానికి తరచు కారణం ఆ తిప్పుడులో తేడానే.

ఏళ్ళు గడిచాక పాడయ్యేది డిష్ కాదు, బాక్సూ కాదు, ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టరు. విప్పి చూస్తే మధ్య రాగి తీగ పచ్చబడి, చిలుము పట్టి ఉంటుంది. చుట్టూ ఉన్న అల్లిక తీగల్లో ఒక్క పోగు ఆ రాగికి తగిలినా షార్టయి సిగ్నల్ మొత్తం పోతుంది. ఒక అంగుళం వైరు కోసేసి కొత్త కనెక్టరు వేయాలి. రాగి తీగ కనెక్టరు అంచు దాటి రెండు మిల్లీమీటర్లు బయటికి రావాలి, రబ్బరు టోపీ కిందికి జారకుండా టేపు చుట్టాలి. ఎల్‌ఎన్‌బీ కిందికి వచ్చే వైరుని ఒక చుట్టు వంపుగా వదిలితే వాన నీరు ఆ వంపు దగ్గరే కిందికి కారిపోతుంది, కనెక్టర్లోకి పోదు. 20 రూపాయల పని ఇది. ఇది తెలియక ఎల్‌ఎన్‌బీలు మార్పిస్తుంటారు. రెండు టీవీలకి పెట్టాలంటే స్ప్లిటర్ వేయొద్దు, రెండు అవుట్‌పుట్ల ట్విన్ ఎల్‌ఎన్‌బీ అడగండి.

వాన గురించి భయపడక్కర్లేదు. ఉపగ్రహం ఎత్తులో ఉండటంతో సిగ్నల్ వాన పొరలో కొద్ది దూరమే ప్రయాణిస్తుంది. మే నెల ఉరుముల వానలో, అక్టోబరు కుండపోతలో ఐదు పది నిమిషాలు పోతుంది, అంతే. మార్చి మధ్యలో, సెప్టెంబరు ఆఖర్లో కొన్ని రోజులు పగలు 11 గంటల ప్రాంతంలో బొమ్మ కొద్ది నిమిషాలు చెదిరిపోతే అది సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి రావడం. ఎవరినీ పిలవకండి, దానంతటదే సర్దుకుంటుంది.

ఇక తెర మీద ఏముందంటే, జెమినీ, స్టార్ మా, జీ తెలుగు లాంటి పే ఛానళ్ళు రావు. ఈ సీరియళ్ళు లేకపోతే ఇల్లు నడవదనుకుంటే ఈ డిష్ మీ కోసం కాదు. ప్రైవేటు ఛానళ్ళకి స్లాట్లు వేలంలో అమ్ముతారు, వాటిలో హిందీదే పెద్ద వాటా. వేలం పాడినవాళ్ళు ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు కూడా. 2022 ఏప్రిల్‌లో నాలుగు పెద్ద నెట్‌వర్కులూ తమ హిందీ వినోద ఛానళ్ళని ఒకేసారి తీసేసుకున్నాయి. మనకి మిగిలే అసలు సరుకు దూరదర్శన్‌ది: విజయవాడ నుంచి సప్తగిరి, హైదరాబాద్ నుంచి యాదగిరి, ఇక్కడి చందన. భద్రాచలం కల్యాణం, తిరువయ్యారులో పంచరత్న గోష్ఠి లాంటివి మధ్యలో చీరల ప్రకటనలు దూరకుండా, వ్యాఖ్యాత అరుపుల్లేకుండా చూడాలంటే ఇవే దిక్కు. పిల్లలకి స్వయంప్రభ, పీఎం ఈ-విద్య పాఠాలు కూడా ఇదే డిష్ మీద వస్తాయి. ఆ ఒక్కదానికే డిష్ ధర గిట్టుబాటవుతుందని నా లెక్క.

క్రికెట్ దగ్గర ఒక కిటుకు ఉంది. 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచుల సిగ్నల్‌ని హక్కులు కొన్నవాళ్ళు దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో 75 శాతం వాళ్ళకి, 25 శాతం ప్రసార భారతికి. అయితే ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకీ సొంత డీటీహెచ్‌కీ మాత్రమే పరిమితమని, ప్రైవేటు కేబుల్ ద్వారా ఇవ్వకూడదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే కేబుల్‌లో ఆ డీడీ ఛానల్‌కే వెళ్ళినా మ్యాచ్ దొరకదు, ఫ్రీ డిష్‌లో దొరుకుతుంది. చాలామందికి ఈ తేడా తెలియక కేబుల్ అతన్ని తిట్టుకుంటారు.

ఇప్పుడు ఫీజు సంగతి. మనకి ఇది కొత్త కాదు. ఒకప్పుడు పోస్టాఫీసుకి వెళ్ళి రేడియోకి ఏడాదికి 15, టీవీకి 50 రూపాయలు కట్టి లైసెన్స్ పుస్తకం రెన్యూ చేయించుకునేవారు. 1980ల మధ్యలో ఎత్తేశారు. బ్రిటన్‌లో ఇప్పటికీ ఉంది, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు అయింది, మన డబ్బులో 20 వేల దరిదాపు. జర్మనీలో టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి నెలకి 18.36 యూరోలు. ఇటలీ 2016 నుంచి కరెంటు బిల్లులో కలిపేసింది. ఫ్రాన్స్ 2022లో మొత్తానికే రద్దు చేసింది. అంటే అందరికీ కుదిరే ఒకే దారంటూ లేదు.

ఇక్కడ ఎలా వసూలు చేస్తారు? ఫ్రీ డిష్ సిగ్నల్‌కి తాళం లేదు. ఎవరు చూస్తున్నారో ప్రసార భారతికే తెలియదు, 4 కోట్ల ఇళ్ళు దాటాయనేది కూడా పరిశ్రమ అంచనాయే. ఫీజు కట్టినవాళ్ళకే ఇవ్వాలంటే సిగ్నల్‌కి తాళం వేయాలి. వేసిన రోజే ఊళ్ళలో ఉన్న తాళం తీయలేని బాక్సులన్నీ డబ్బాలైపోతాయి, నెల చందా కట్టలేకే దీన్ని పెట్టుకున్నవాళ్ళు మొదట నష్టపోతారు. తాళం వద్దు, ఇటలీ లాగా బెస్కాం కరెంటు బిల్లులో కలుపుదామంటే, మారతహళ్ళిలోనో కె.ఆర్.పురంలోనో ఒక అద్దె ఇంటి మీటరు చూడండి. ఒక మీటరు కింద నాలుగు పోర్షన్లు, ఓనరు యూనిట్‌కి తన రేటు. ఒక పీజీలో నలభై మంది, హాల్లో ఒకే టీవీ. ఆ ఫీజు ఎవరి మీద ఎలా పడుతుందో ఊహించడం కష్టమేం కాదు.

నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. ఫీజు చిరునామాని బట్టి వసూలవుతుంది, టీవీ మాత్రం భాషని బట్టి చూస్తాం. బెంగళూరు తెలుగు కుటుంబం కట్టే రూపాయి కర్ణాటక లెక్కలో పడుతుంది. వాళ్ళు చూసే సప్తగిరి విజయవాడలో తయారవుతుంది. చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళదీ ఇదే పరిస్థితి. చూసేవాడి డబ్బు చూసే కేంద్రానికి చేరే ఏర్పాటు లేకుండా ఫీజు అంటే ఢిల్లీ ఖజానాకి ఇంకో పన్ను కట్టడమే. అదీగాక ఇప్పటికే కడుతున్నాం. 2007 అక్టోబరు 5 నాటికి ప్రసార భారతి రోల్స్‌లో ఉన్న ఉద్యోగుల జీతాలు కేంద్ర ప్రభుత్వ గ్రాంటు నుంచే వస్తాయి, అంటే మన పన్నుల నుంచి. 2023 జనవరిలో ప్రసార సదుపాయాల కోసం బైండ్ పథకం కింద 2,539.61 కోట్లు మంజూరు చేశారు, అదీ మనదే. ఆపైన ప్రకటనలు, స్లాట్ల వేలం. కేబుల్ ఉన్నవాళ్ళు కనెక్షన్‌కి నెలనెలా నెట్‌వర్క్ ఫీజు కూడా కడుతున్నారు. 2019లో జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలుగా మొదలైన ఆ ఫీజు మీద పరిమితిని 2024 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎత్తేసింది.

లైసెన్స్ ఫీజుకి అసలైన సమర్థన ఒకటే: డబ్బు నేరుగా ప్రేక్షకుడి నుంచి వస్తే ఛానల్ ప్రభుత్వం మొహం చూడనక్కర్లేదు. ఈ వాదనని నేను గౌరవిస్తాను. ప్రసార భారతి చట్టం 1990లో చేసి 1997లో అమల్లోకి తెచ్చింది కూడా ఈ స్వతంత్రత కోసమే. కానీ జీతాలు, గ్రాంట్లు, నియామకాల్లో ప్రభుత్వం చెయ్యి అలాగే ఉంచి ఇంటి మీద ఫీజు మాత్రం వేస్తే ఖర్చు మారుతుంది, యజమాని మారడు. ముందు ఆ తాడు తెంచాలి, తర్వాత అడగాలి.

అడిగితే ఎంత ఇస్తానంటే, నెలకి 20 రూపాయలు ఇష్టంగా ఇస్తాను, ఐచ్ఛికంగా, యూపీఐ ద్వారా, నేను ఎంచుకున్న కేంద్రానికి. దానికి ముందు సప్తగిరి, యాదగిరి రెండూ ఏడాదికోసారి మూడు లెక్కలు బయటపెట్టాలి: కొత్తగా తీసిన కార్యక్రమాలు ఎన్ని గంటలు, పాతవి తిప్పి వేసినవి ఎన్ని గంటలు, గంట కార్యక్రమానికి సగటున ఎంత ఖర్చయింది.