కాంచనజంగను రెండు దేశాలూ కలిసి కాపాడాలంటే ఏ దారి మేలు?

2013లో నేపాల్ వైపు కాంచనజంగ కొండల్లో ఒక మంచు చిరుతకు మత్తిచ్చి, మెడకు జీపీఎస్ పట్టీ కట్టి వదిలారు. పట్టీ పంపిన చుక్కలను పటం మీద పెట్టి చూస్తే అది సరిహద్దు దాటి సిక్కింలోకి కూడా వెళ్లి వస్తోందని తేలింది. దానికి ఆ కొండలన్నీ ఒకే ఇల్లు. ఆ ఇంటి గదులకు మనం తలా ఒక తాళం వేసుకున్నాం.

8,586 మీటర్ల ఆ శిఖరం సరిహద్దు మీదే నిలబడి ఉంది. తూర్పున సిక్కింలో 1977 నాటి ఖాంగ్‌చెన్‌జోంగా నేషనల్ పార్క్, పడమట నేపాల్‌లో 1997లో ప్రకటించిన కాంచనజంగ సంరక్షణ ప్రాంతం. వీటిని కలిపి కాపాడాలన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. కలపడంలో నాకు పేచీ లేదు, ఎలా కలపాలన్న దగ్గరే ఉంది.

ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదుర్చుకుని ఒకే పార్కుగా ప్రకటించడం ఒక దారి. కెనడా, అమెరికాలు 1932లోనే వాటర్టన్–గ్లేసియర్ శాంతి పార్కును అలా ఏర్పాటు చేశాయి. పేరు ఒకటైనా, ఈనాటికీ ఎవరి భాగాన్ని వాళ్లే నడుపుకుంటున్నారు. ఇలాంటి ఒప్పందానికి బలం లేదనను. ఆనకట్టలు, రోడ్లు, మంచు సరస్సుల సంగతి ఊరి పెద్దల చేతిలో ఉండదు. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ ల్హోనాక్ మంచు సరస్సు గట్టు తెగి, తీస్తా వరద చుంగ్‌థాంగ్ ఆనకట్టను ఊడ్చుకుపోయింది. అలాంటి వాటికి ప్రభుత్వాలే కూర్చోవాలి.

కానీ ఒకే పార్కు అంటే ఎవరి చట్టం? మన వన్యప్రాణి చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువులు మేయకూడదు. సిక్కిం ప్రభుత్వం 1998లో రిజర్వు అడవుల్లోనూ మేతను నిషేధించింది. తరతరాలుగా జడలబర్రెలు తోలుకెళ్లిన కుటుంబాలు మందలు అమ్ముకున్నాయి. నేపాల్ వైపు అలా కాదు, సంరక్షణ ప్రాంతం లోపలే ఊళ్లున్నాయి. సిక్కిం పద్ధతినే అటు కూడా పెడితే, గుంసా ఊరివాళ్లు తమ గడప ముందే చొరబాటుదారులవుతారు.

రెండో దారి, సంతకాల కోసం ఆగకుండా కింది స్థాయి అటవీ సిబ్బంది చేయి కలపడం. అస్సాంలోని మానస్, భూటాన్‌లోని రాయల్ మానస్ సిబ్బంది కలిసి కెమెరాలు పెట్టి పులులను లెక్కించారు. పని త్వరగా మొదలవుతుంది. అయితే చొరవ ఉన్న అధికారి బదిలీ అయితే మళ్లీ మొదటికే.

నా మనసు మూడో దారి మీదే ఉంది: అడవి పెత్తనం ఊరికివ్వడం. 2006 సెప్టెంబరులో నేపాల్ తన కాంచనజంగ సంరక్షణ ప్రాంతం నిర్వహణను స్థానికుల మండలికి అప్పగించింది. గుంసాలో ఆ వేడుక ముగించుకుని తిరిగొస్తుండగా, సెప్టెంబరు 23న హెలికాప్టర్ కూలి 24 మందీ చనిపోయారు. చంద్ర గురుంగ్, మింగ్మా నోర్బు షెర్పా, తీర్థమాన్ మాస్కే... ఆ దేశపు వన్యప్రాణి రక్షణకు వెన్నెముకలైన మనుషులు ఒక్క పూటలో పోయారు. అయినా ఊళ్లు ఆ బాధ్యతను వదిలేయలేదు. నాకు అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం అదే.

గుంసాలో మరో ఏర్పాటు ఉంది. కాపరులు పశువుకింతని ఏటా బీమా సొమ్ము కడతారు. చిరుత దూడను చంపితే ఊరి కమిటీ మనుషులే వెళ్లి కళేబరం చూస్తారు, గొంతు మీద కాట్లు, చుట్టూ అడుగుల జాడలు చూసి చిరుత పనేనని తేల్చి పరిహారం ఇస్తారు. పక్కింటివాడి దూడ ఎప్పుడు ఏ జబ్బుతో పడిందో అందరికీ తెలుసు కనుక అబద్ధం నిలవదు. దూడ పోయిన కడుపుమంటతో చిరుతకు విషం పెట్టాలన్న ఆలోచన ఆగేది అక్కడే. పట్నంలో కూర్చున్న ఏ అధికారీ ఆ పని చేయలేడు.

వేటగాళ్ల ముఠాలను మాత్రం ఊరి కమిటీ ఒక్కటే ఆపలేదు. దానికి రెండు వైపులా గస్తీ, కబుర్లు అందే ఏర్పాటు కావాలి, అంటే రెండో దారి తోడుండాలి. ఒప్పందాన్ని నీటికీ ఆనకట్టలకూ వాడుకుందాం, మేతకూ ఊళ్లకూ వద్దు.

సిక్కింలో యుక్సోం ఊరివాళ్లు కూడా సంరక్షణ కమిటీ పెట్టుకున్నవాళ్లే. గుంసాలో ఉన్నలాంటి బీమా నిధి అక్కడా తెరిస్తే, అదే చిరుత కొండకు ఏ పక్క దూడను చంపినా కాపరికి ఒకే లెక్కన పరిహారం అందుతుంది. దీనికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. వచ్చే చలికాలంలోపే మొదలుపెట్టొచ్చు.