అడవికి ఏది మేలు: ఫోనా, కాగితం మ్యాపా, గొర్రెల కాపరా?

మా కడప నుంచి లంకమల వైపు నడకకు వెళ్లే కుర్రాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా, ఇంకా కాగితం, దిక్సూచి ఎందుకు?" నేను మూడింటినీ నమ్ముకుని తిరిగినవాణ్ని కాబట్టి తెలిసింది చెప్తాను. అటవీశాఖ అనుమతి లేకుండా మాత్రం అడుగు పెట్టొద్దు, అది అభయారణ్యం, పైగా ఎర్రచందనం అడవి.

సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. దానికి కావలసింది ఉపగ్రహాలు, టవర్ కాదు. ఇంట్లోనే ఆ ప్రాంతం మ్యాప్ దింపుకుని పెట్టుకుంటే, ఆకాశం తేటగా కనిపించే చోట మీరెక్కడున్నారో కొద్ది మీటర్ల తేడాతో చెప్పేస్తుంది. కాగితం ఈ పని చేయలేదు, ఒప్పుకోవాలి. కానీ లోతైన కోనలోకి దిగితే కొండగోడల వల్ల ఆ చుక్క అటూ ఇటూ దూకుతుంది. ఇక మన ఎండలు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం నా ఫోన్ వేడెక్కి ఆగిపోయింది, అది చల్లబడేదాకా చెట్టునీడన అరగంట కూర్చోవలసి వచ్చింది. పనిచేసినప్పుడు కూడా చాలా మ్యాపుల్లో అడవి అంటే ఒక పచ్చటి మరక, దాని మధ్య నీలం చుక్క, అంతే. ఎక్కడున్నానో తెలిసింది, ఎటు పోవాలో తెలియలేదు.

కాగితం అక్కడ ఆదుకుంటుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో, అంటే కొండలూ వంకలూ ఎత్తులతో సహా గీసిన మ్యాపుల్లో, పాత నంబర్ల లెక్కన మనకు కావలసినవి 57 జె/14, 57 జె/15. 1:50,000 స్కేలు, అంటే రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి ఎత్తు గీతలు, ఒక గీతకూ పక్క గీతకూ ఎత్తులో తేడా 20 మీటర్లు. వంక దగ్గర ఆ గీతలు వంగి మొన ఎగువకు చూపిస్తాయి, దిగే కొండకొమ్ము దగ్గర మొన దిగువకు ఉంటుంది. ఈ ఒక్కటి అలవాటైతే ముందురోజు రాత్రి నేల మీద షీట్ పరుచుకుని, ఏ మలుపు దగ్గర వంకలు రెండుగా చీలతాయో, ఎక్కడ ఏటవాలు ఎక్కువో మొత్తం మనసులో నడిచి రావచ్చు. దారి తప్పినా భయం తగ్గుతుంది, ఎందుకంటే దక్షిణం పట్టుకుంటే ఎక్కడో ఒకచోట పెన్న తగులుతుందని, తూర్పున బద్వేలు రోడ్డు ఉందని ముందే చూసి ఉంటారు.

దిక్సూచి వాడకం పది నిమిషాల్లో వస్తుంది. దాని అంచును మ్యాప్ మీద మీరున్న చోటు నుంచి చేరాల్సిన చోటుకు ఆనించండి, డయల్‌లోని బాణం మ్యాప్ ఉత్తరానికి సరిపోయేదాకా తిప్పండి. తర్వాత గుండె ముందు బల్లపరుపుగా పట్టుకుని, ఎర్రముల్లు ఆ బాణంలో ఒదిగేదాకా మీరే తిరగాలి. ఎదురుగా ఒక తెల్లరాయో ఒంటిచెట్టో గుర్తుపెట్టుకుని అక్కడిదాకా నడవండి, ముల్లునే చూస్తూ నడిస్తే పక్కకు జరిగిపోతారు. ఫోన్, కత్తి దగ్గర పెట్టుకోవద్దు, ముల్లు తప్పుతుంది. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా రెండు డిగ్రీలలోపే, దాని గురించి టెన్షన్ వద్దు.

కాగితానికీ లోపముంది, అది గీసిన రోజు దగ్గరే ఆగిపోతుంది. సోమశిల డ్యామ్‌కు ముందు సర్వే చేసిన షీట్లో ఊళ్లూ పొలాలూ ఉన్న చోట ఇప్పుడు నీళ్లున్నాయి. షీట్ మూలన సర్వే సంవత్సరం చూడకుండా బయల్దేరొద్దు.

కాపరి సంగతి వేరు. "పెద్దాయనా, ఈ వంకలో నీళ్లున్నాయా?" అంటే "కింద ఎండిపోయిండాది నాయనా, పైన గుండంలో ఉండాయి" అని చెప్పగలిగేది ఆయన ఒక్కడే. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో ఈ అడవుల అంచున మళ్లీ దొరికిందంటే అది ఇక్కడి పల్లె మనిషి చేతికే. కాకపోతే ఆయన "దగ్గరే" అన్న దూరం మనకు రెండు గంటల నడక కావచ్చు.

ఒకటే ఎంచుకోమంటే నేను కాగితం, దిక్సూచే పట్టుకుంటాను. ఫోన్ ఆఫ్ చేసి సంచిలో పెట్టుకుని, అనుమానం వచ్చినప్పుడే చూస్తాను. పాలిథిన్ కవర్లో మడిచిపెట్టిన నా షీట్ మీద పెన్సిల్ సున్నాలు చాలా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఒక నెల పేరు. కాపరులు చెప్పిన గుండాలు అవన్నీ, ఏ నెల దాకా నీళ్లుంటాయో రాసుకున్నాను.