డిగ్రీ ల్యాబ్‌కు గ్రామ్ స్టెయినింగ్ కిట్: రంగులు బాగున్నాయి, కరపత్రం బాగాలేదు

విజయనగరంలో మా డిగ్రీ విద్యార్థుల మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ కోసం, పట్టణంలోని ఒక సైంటిఫిక్ సామగ్రి దుకాణంలో ఈ కిట్‌ను కొన్నాము. క్రిస్టల్ వయొలెట్, అయొడిన్, రంగు తొలగించే ద్రావణం, శాఫ్రనిన్ నాలుగూ డ్రాపర్ మూతలున్న సీసాలలో సిద్ధంగా వస్తాయి. బాక్టీరియాలను ఊదా (గ్రామ్ పాజిటివ్), గులాబీ (గ్రామ్ నెగటివ్) రంగులతో రెండు రకాలుగా విడదీసే, 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన ఈ పద్ధతికి ఇప్పటికీ ఇంతకు మించిన హంగులు అవసరం లేదు.

రంగుల నాణ్యతలో లోపం లేదు. ఇంటి నుంచి తెచ్చిన తరవాణిని గాజుపలకపై పలుచగా పూసి (స్మియర్ వేసి) చూసినప్పుడు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలు చక్కని ఊదారంగులోనూ, ల్యాబ్‌లో పెంచిన ఇ.కొలై కడ్డీలు గులాబీ రంగులోనూ కనిపించాయి. రంగు తొలగించే ద్రావణంలో మాత్రం ఎసిటోన్ కలిసి ఉండటం వల్ల అది మరీ వేగంగా పనిచేస్తుంది. చేయి తిరగని విద్యార్థి కొన్ని క్షణాలు ఆలస్యం చేసినా గ్రామ్ పాజిటివ్ కణాలు కూడా గులాబీ రంగుకు మారిపోతాయి.

అసలు అభ్యంతరం కరపత్రం మీద. ఊదారంగును పట్టి ఉంచేది ప్లాస్మా త్వచమని (కణద్రవ్యాన్ని చుట్టి ఉండే పలుచని పొర) అందులో రాశారు, ఇది తప్పు. ఆ త్వచం రెండు రకాల బాక్టీరియాలలోనూ ఉంటుంది. తేడా కణకవచానిది: గ్రామ్ పాజిటివ్ కణాలలో 20 నుంచి 80 నానోమీటర్ల మందం ఉండే పెప్టిడోగ్లైకాన్ అనే కవచ పదార్థపు పొర ఆల్కహాల్‌కు నీరు కోల్పోయి బిగుసుకుని, రంగు-అయొడిన్ సమ్మేళనాన్ని లోపలే ఆపుతుంది. గ్రామ్ నెగటివ్ కణాలలో ఆ పొర కొద్ది నానోమీటర్లే. దానిపైనున్న బాహ్యత్వచాన్ని ఆల్కహాల్ దెబ్బతీయడంతో రంగు బయటికి పోతుంది.

కడ్డీ కడ్డీగానే ఎందుకు ఉంటుందన్న ప్రశ్నను కరపత్రం తాకనే లేదు. పెప్టిడోగ్లైకాన్‌లోని చక్కెర గొలుసులను చిన్న పెప్టైడులు (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు) అడ్డంగా కలపడం వల్ల, నెల్లిమర్ల గోనెపట్టా నేతను తలపించే ఈ కవచం, లోపలి పీడనానికి పలుచని త్వచం పగిలిపోకుండా కాపాడుతూ ఆకారాన్ని నిలుపుతుంది. చాలా కడ్డీ బాక్టీరియాలలో కొత్త కవచం ఎక్కడ చేరాలో ఎంఆర్‌ఇబి ప్రోటీన్ నిర్దేశించడం వల్ల కణం లావెక్కకుండా పొడవు పెరుగుతుంది. విభజన సమయంలో ఎఫ్‌టిఎస్‌జెడ్ ప్రోటీన్ నడుమ వలయంగా ఏర్పడుతుంది. 1953లో వీబుల్ అనే శాస్త్రవేత్త చక్కెర ద్రావణంలో బాసిల్లస్ మెగటీరియం అనే కడ్డీ బాక్టీరియా కవచాన్ని లైసోజైమ్ అనే ఎంజైమ్‌తో కరిగించగా, కడ్డీలు పగలకుండా గోళాలుగా మారాయి. ఆ ప్రయోగానికి వీలుగా ఒక లైసోజైమ్ సీసా చేర్చి ఉంటే కిట్ విలువ ఎంతో పెరిగేది.

అయినా కొనవచ్చునన్నదే నా అభిప్రాయం. కరపత్రాన్ని పక్కనపెట్టి, రంగు తొలగించడానికి 95 శాతం ఆల్కహాల్ విడిగా తెచ్చుకోవాలి. వానాకాలపు తేమలో స్మియర్ పూర్తిగా ఆరిన తరువాతే మంట మీద చూపించాలి, లేకపోతే కణాల ఆకారమే చెడిపోతుంది.