గోల్డ్ రష్: 1925 మూకీ మేలా, 1942లో చాప్లిన్ మాటలు పెట్టింది మేలా?

చాప్లిన్ ‘ది గోల్డ్ రష్’ చూద్దామని వెతికితే రెండు సినిమాలు దొరుకుతాయి. పేరు ఒకటే, నటులు వాళ్లే, కథ కూడా దాదాపు అదే. ఒకటి 1925 జూన్‌లో విడుదలైన మూకీ, గంటన్నర దాకా ఉంటుంది. రెండోది 1942లో చాప్లినే మళ్లీ ఎడిట్ చేసి, టైటిల్ కార్డులు (మూకీల్లో సీన్ల మధ్య మాటలు రాసి చూపించే పలకలు) తీసేసి, వాటి బదులు తన గొంతుతో కథ చెబుతూ, తను కట్టిన సంగీతం పెట్టి వదిలింది, 72 నిమిషాలు. మొదటిసారి చూసేవాళ్లు ఏది చూడాలంటే నేను 1925దే అంటాను. అలాగని రెండోదాన్ని తీసిపారేయడానికి లేదు.

దాని బలాలు దానికున్నాయి. సంగీతం ఎంత బాగుంటుందంటే ఆ ఏడాది సంగీతానికి, శబ్దగ్రహణానికి రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. నిడివి తక్కువ కాబట్టి పిల్లల్ని కూర్చోబెట్టడం తేలిక. పైగా చాప్లిన్ గొంతు వినడమే ఒక సంతోషం, హీరోని ‘లిటిల్ ఫెలో’ అని పిలిచినప్పుడల్లా ఆ పిలుపులో ఎంత ముద్దుందో తెలుస్తుంది.

కానీ ఆ గొంతే నాకు అడ్డం వచ్చింది. మా అమ్మకి ఇంగ్లిష్ రాదు. మొదట 1942దే పెట్టాను, మాటలుంటే సులువుగా ఉంటుందనుకుని. ఐదు నిమిషాలకోసారి “ఏమంటున్నాడు?” అని అడిగేది, నేను చెప్పేలోపు బొమ్మ ముందుకెళ్లిపోయేది, ఇద్దరికీ చిరాకు. కొన్నాళ్ల తర్వాత 1925ది పెట్టాను. కార్డు వచ్చినప్పుడు ఒక్క ముక్క తెలుగులో చెబితే సరిపోయింది, మిగతాదంతా ఆవిడే చూసుకుంది. టైటిల్ కార్డుని పాజ్ చేయొచ్చు, పక్కవాళ్లకి చదివి వినిపించొచ్చు, పరుగెత్తే గొంతుతో ఆ వీలుండదు. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూసేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు.

బూటు తినే సీన్ చూడండి, రెండింటిలోనూ ఉంది. బంగారం వెతుక్కుంటూ వెళ్లిన చార్లీ (చాప్లిన్ వేసిన హీరో పాత్ర) మంచు తుఫానులో గుడిసెలో చిక్కుకుని, తిండి లేక తన బూటునే ఉడకబెడతాడు. ఉడికిందా లేదా అని ఫోర్కుతో గుచ్చి చూస్తాడు, గరిటెతో దాని మీద నీళ్లు పోస్తాడు. ప్లేట్లో పెట్టాక లేసుల్ని నూడుల్స్‌లా ఫోర్కుకి చుట్టుకుని తింటాడు, అడుగున దిగ్గొట్టిన మేకుల్ని ఒక్కొక్కటీ తీసి, మనం కోడికూరలో ఎముక చప్పరించినట్టు చప్పరిస్తాడు. (షూటింగ్‌కి వాడిన బూటు లికోరిస్‌తో చేసింది, మన అతిమధురం వేరుతో తయారయ్యే మిఠాయి అన్నమాట.) మా అమ్మ మొదట నవ్వింది, తర్వాత “అయ్యో, ఎంత ఆకలేసుంటుందిరా పాపం” అంది. ఈ సీన్ అర్థం కావడానికి ఎవరూ ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

అసలు తేడా జార్జియా, అంటే చార్లీ మనసు పడ్డ డాన్స్ హాల్ అమ్మాయి, రాసిన చీటీ దగ్గర ఉంది, నా ఓటు 1925కి పడింది కూడా అక్కడే. మూకీలో ఆమె ప్రేమిస్తున్నానంటూ చీటీ రాసేది తన వెంట తిరిగే జాక్‌కి. అతను దాన్ని ఎగతాళిగా చార్లీకి అందేలా చేస్తాడు, చార్లీ అది తనకే అనుకుని పొంగిపోతాడు. అంతకుముందే కొత్త సంవత్సరం రాత్రి జార్జియా, ఆమె స్నేహితురాళ్లు భోజనానికి వస్తారని టేబుల్ సర్ది, ఎదురుచూసి చూసి నిద్రపోయి, అర్ధరాత్రి లేచి, వెళ్లి డాన్స్ హాల్ కిటికీలోంచి ఒంటరిగా చూసిన మనిషి. అలాంటివాడికి ఆ చీటీ అందితే మనకు గుండె పిండేసినట్టు ఉంటుంది. 1942లో దీన్ని మార్చేశారు, చీటీ చార్లీకే రాసినట్టు, రాలేకపోయినందుకు క్షమించమన్నట్టు. జార్జియా మంచిదనిపిస్తుంది నిజమే, కానీ ఆ నొప్పి పోయింది.

ముగింపూ మారింది. ఓడ మీద చార్లీ అప్పటికి కోటీశ్వరుడు, పత్రికవాళ్ల ఫొటో కోసం పాత బట్టలు వేసుకుంటాడు. జార్జియా అతన్ని టికెట్ లేకుండా ఎక్కినవాడనుకుని, ఛార్జీ తను కడతానంటుంది. డబ్బుందని తెలియకముందే ఆ మాట అంటుంది, అందుకే నాకు ఆ సీన్ అంత ఇష్టం. 1925లో చివర ఇద్దరూ ఫొటోకి నిలబడి ముద్దు పెట్టుకుంటారు, ఫొటో పాడుచేశారని ఫొటోగ్రాఫర్ గోల పెడతాడు. 1942లో ఆ ముద్దు తీసేశారు, ఇద్దరూ మెట్లెక్కి వెళ్లడంతో సినిమా అయిపోతుంది. అంతసేపు ఏడిపించి నవ్వించాక ఆ ముద్దు ఉండాల్సిందే అని నా గట్టి అభిప్రాయం.

ఒక జాగ్రత్త. 1925 వెర్షన్ చాలా ఏళ్లు ముక్కలుముక్కలుగా, మసకబారిన ప్రింట్లతోనే తిరిగింది. 1993లో కెవిన్ బ్రౌన్లో, డేవిడ్ గిల్ అనే సినిమా చరిత్రకారులు దాన్ని మళ్లీ ఒక రూపానికి తెచ్చారు, వందేళ్లయిన సందర్భంగా 2025లో కొత్తగా బాగుచేసిన ప్రింట్ కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. నెట్‌లో దొరికే ఏదో మసక కాపీ చూసి, సీన్‌కి సంబంధం లేని పియానో విని, మూకీలు మనకు పడవు అనుకోకండి. ప్లే నొక్కేముందు నిడివి చూడండి. 72 నిమిషాలుంటే అది 1942ది, పక్కన పెట్టి గంటన్నర దాకా ఉన్నది వెతకండి. అది చూసిన నెల తర్వాత 1942ది పెట్టుకుంటే, కథ తెలిసే ఉంటుంది కాబట్టి ఆ సంగీతం మీద, చాప్లిన్ గొంతు మీద మనసు పెట్టొచ్చు. మా ఇంట్లో ఇప్పుడు అలాగే చూస్తున్నాం.